స్నూస్ సంచి మండుతోందా, పట్టు తగ్గిందా? స్ట్రాంగ్ డబ్బాకి మారే ముందు ఇవి చూసుకోండి

స్నూస్ గురించి, అంటే పైపెదవి కింద పెట్టుకునే చిన్న పొగాకు సంచుల గురించి, స్వీడన్‌లో ఉద్యోగాలకి వచ్చిన మనవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలు మూడు. "అన్నా, చిగురు మండుతోంది, ఏ బ్రాండ్‌కి మారాలి?" "మొదట్లో ఉన్న పట్టు, అదే కిక్కు, ఇప్పుడు లేదు, స్ట్రాంగ్‌ది తీసుకోనా?" "మొన్న కొన్న డబ్బా అప్పుడే ఎండిపోయింది, షాపులో పాత సరుకు ఇచ్చారా?" ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోన్‌లో చెప్పేకంటే అన్నీ ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ముందే ఒక మాట. ఇది ఇప్పటికే స్నూస్ వాడుతున్న, 18 ఏళ్లు దాటినవాళ్ల కోసం రాసింది. అలవాటు లేనివాళ్లు ఇది చదివి మొదలుపెట్టొద్దు. స్నూస్ అంటే పొగాకే. పొగ లేదు కాబట్టి సిగరెట్ చేసేంత హాని ఊపిరితిత్తులకి చేయదు, అంతవరకే నిజం. నికోటిన్ అలవాటు గట్టిగా పట్టుకుంటుంది, గుండె వేగాన్నీ బీపీనీ పెంచుతుంది. గర్భంతో ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా వాడకూడదు.

నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఒకటే. మంట పుట్టినా, పట్టు తగ్గినా, రుచి పోయినా మనవాళ్లు వెంటనే చేసే పని ఇంకా బలమైన డబ్బా కొనడం. చాలాసార్లు తప్పు బలంలో ఉండదు, డబ్బా పాతబడటంలోనో, సంచి సైజులోనో, పెట్టే తీరులోనో ఉంటుంది. అది సరిచేసుకోకుండా బలం పెంచితే అవసరం లేని నికోటిన్‌కి ఒళ్లు అలవాటు పడుతుంది. మళ్లీ కిందికి దిగడం చాలా కష్టం.

కావలసినవి

- వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు. 1 గ్రాము వరకు చూపిస్తే చాలు.
- జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లు
- చెరగని మార్కర్ పెన్ను
- ఫ్రిజ్‌లో ఒక మూల. ఇంగువ డబ్బాకీ ఊరగాయ సీసాకీ దూరంగా ఉండాలి.
- మంచి వెలుతురులో ఒక అద్దం

1. మీ చేతిలో ఉన్నది ఏ రకమో ముందు తెలుసుకోండి

డబ్బాని స్వీడిష్‌లో "దూసా" అంటారు. రాత చూస్తే మన దోసెలా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు అలాగే పలికేస్తారు. పది డబ్బాల కట్టని "స్టొక్" అంటారు. సంచుల్లో కాకుండా విడిగా వచ్చే పొగాకు పొడి "లోస్ స్నూస్", దాని సంగతి ఇక్కడ రాయడం లేదు.

సంచుల్లో రెండు రకాలు ముఖ్యం. ఒరిజినల్ పోర్షన్‌లో సంచి తయారయ్యాక దాన్ని మళ్లీ తడుపుతారు. అందుకే పైకి గోధుమరంగులో, మెత్తగా, తడిగా ఉంటుంది. పెట్టగానే రుచి, పట్టు దిగుతాయి, రసం కూడా ఎక్కువ కారుతుంది. వైట్ పోర్షన్‌లో అలా తడపరు. లోపలి పొగాకు తడిగానే ఉన్నా సంచి పైభాగం తెల్లగా, పొడిగా ఉంటుంది. మెల్లగా దిగుతుంది, తక్కువ కారుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. వైట్ పోర్షన్ అంటే పొగాకు లేనిది కాదు. పొగాకు లేకుండా మొక్కల పీచులో నికోటిన్ కలిపి చేసే తెల్ల సంచులు వేరే సరుకు. వాటికి స్వీడన్‌లో 2022లో విడిగా చట్టం వచ్చింది, వాటికీ వయసు 18 దాటాలి. అవి చాలావరకు పొడిగా ఉంటాయి కాబట్టి కింద చెప్పే తేమ లెక్కలు వాటికి కుదరవు. మనదగ్గర దొరికే ఫిల్టర్ ఖైనీ కూడా చూడటానికి ఇలాంటి సంచే. కానీ దాని తయారీ వేరు, స్నూస్‌లా వేడితో శుద్ధి చేసింది అనుకోకండి. ఊరికి వెళ్లినప్పుడు "రెండూ ఒకటేగా" అని అది పెట్టుకోవద్దు.

2. కొనేటప్పుడే తేదీ చూడండి

డబ్బా మీద "బెస్ట్ ఫోరె" అని తేదీ ఉంటుంది, ఆ లోపు వాడితే మంచిదని అర్థం. స్వీడన్ షాపుల్లో స్నూస్ ఫ్రిజ్‌లో ఉంటుంది. కౌంటర్ మీద బయట పేర్చి డిస్కౌంట్ పెట్టిన కట్ట కనిపిస్తే ముందు తేదీ చూడండి, తర్వాతే ధర చూడండి. తేదీ దగ్గరపడిన సరుకే తరచుగా అలా అమ్ముతారు. వారంలో వాడేసేవాళ్లకి అందులో నష్టం లేదు. నిల్వ పెట్టుకునేవాళ్లకే నష్టం.

నేనూ ఒకసారి అలా తక్కువ ధరకి వచ్చిందని మూడు స్టొక్‌లు కొన్నాను. ఫ్రిజ్‌లో చోటు లేక పొయ్యి పైన ఉన్న అలమరలో పెట్టి ఆరు వారాలు ఇండియా వెళ్లాను. తిరిగొచ్చేసరికి తెల్ల సంచుల మీద గోధుమ మచ్చలు, పొగాకు గట్టిగా గింజకట్టింది, పెడితే ఉప్పు తప్ప ఇంకే రుచీ లేదు. మూడు స్టొక్‌లూ పారేశాను. షాపు తప్పేమీ లేదు, పొయ్యి వేడి తగిలే చోట పెట్టింది నేనే.

3. ఇంటికి తెచ్చిన రోజే తూకం వేయండి

నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష ఇదే, కానీ ఎవరూ చేయరు.

డబ్బా మీద మొత్తం బరువు, సంచుల సంఖ్య రాసి ఉంటాయి. 24 సంచులు, 24 గ్రాములు అని ఉంటే సంచి 1 గ్రాము. 21.6 గ్రాములు అని ఉంటే ఒక్కోటి 0.9. మినీ సంచులైతే సుమారు సగం. ఒక్క సంచిని తూచితే వంటింటి త్రాసు సరిగా చూపించదు. అందుకని శుభ్రమైన చిన్న గిన్నె పెట్టి, సున్నా చేసి, 10 సంచులు కలిపి తూచండి. 1 గ్రాము సంచులైతే 10 గ్రాములు రావాలి.

ఒరిజినల్ రకంలో బరువులో దాదాపు సగం నీళ్లే. కాబట్టి తగ్గిన ప్రతి గ్రామూ ఆవిరైపోయిన నీళ్లు. 10 గ్రాములు ఉండాల్సింది 9 ఉంటే వాడుకోవచ్చు. 8కి దిగితే, ఉండాల్సిన 5 గ్రాముల నీళ్లలో 2 పోయినట్టు లెక్క. ఆ డబ్బాలో సంచి గరుకుగా ఉంటుంది, చిగురుని రాస్తుంది, రుచి దిగడానికి చాలాసేపు పడుతుంది. కొన్న రోజే ఇలా ఉంటే షాపుకి తీసుకెళ్లి చూపించండి. కొన్నప్పుడు సరిగా ఉండి తర్వాత తగ్గితే, తప్పు మీరు దాచిన చోటుది.

తూచిన తేదీ డబ్బా అడుగున మార్కర్‌తో రాయండి.

4. చూసి, వాసన పట్టి, ఒత్తి చూడండి

మూత తీయగానే ఒక్కోసారి పశువుల కొట్టంలో వచ్చేలాంటి ఘాటు ముక్కుకి కొడుతుంది. అది అమ్మోనియా. కొత్త డబ్బాలో ఇలా ఉంటే చెడిపోయిందనుకుని టెన్షన్ పడకండి, మూత తీసి పది నిమిషాలు గాలికి పెడితే చాలావరకు పోతుంది. గంట తర్వాత కూడా అంతే ఘాటుగా ఉంటే ఆ డబ్బా వదిలేయండి.

బూజు కనిపించినా, ముక్కిన వాసన వచ్చినా పారేయండి. బూజు పట్టిన సంచి ఒక్కటి తీసేసి మిగతావి వాడుకుందాం అనుకోవద్దు. తెల్ల సంచుల మీద గోధుమరంగు మచ్చలు మాత్రం బూజు కాదు, లోపలి పొగాకు రంగు తేమతో బయటికి ఊరడం. పాతబడుతోందని అర్థం, విషం కాదు. బూజు పైకి నూగులా లేస్తుంది, తెల్లగానో పచ్చగానో ఉంటుంది. మచ్చ సంచిలోకి ఇంకిపోయి ఉంటుంది. వెలుతురులో చూస్తే తేడా తెలిసిపోతుంది.

తర్వాత ఒక సంచిని రెండు వేళ్లతో మెల్లగా ఒత్తండి. మెత్తగా నొక్కుకుని మళ్లీ కాస్త ఉబ్బితే బాగుంది. ఇసుకలా కరకరమంటే ఎండింది. రెండు చివర్ల అతుకులూ చూడండి. అతుకు పెచ్చులా గట్టిగా పొడుచుకువస్తే అదే చిగురుని గీస్తుంది. అతుకు విడిపోతే పొగాకు పొడి నోట్లోకి రాలుతుంది. అలాంటివి ఒకటి రెండు ఉంటే పక్కన పెట్టండి. డబ్బాలో సగం అలాగే ఉంటే అది తయారీలో లోపం, మీ నోటిది కాదు.

5. నిల్వ: ఫ్రిజ్‌లో పెడితే సరిపోదు

"ఫ్రిజ్‌లోనే పెట్టానన్నా, అయినా ఎండిపోయింది" అని ఎంతమంది చెప్పారో లెక్కలేదు. ఫ్రిజ్‌లో చల్లదనం ఉంటుంది కానీ గాలి పొడిగా ఉంటుంది. స్నూస్ డబ్బా మూత పూర్తిగా గాలి చొరనిది కాదు. మూత తీసిన డబ్బాని అలాగే అరలో పెడితే రోజూ కొంచెం కొంచెం నీళ్లు పోతూనే ఉంటాయి. అంతేకాదు, పక్కన ఏ వాసన ఉంటే అది పీల్చుకుంటుంది. ఇంగువ పక్కన వారం ఉంచిన డబ్బా ఇక స్నూస్‌లా ఉండదు.

ఇలా చేయండి. డబ్బాలని జిప్ కవర్‌లో పెట్టి, గాలి తీసేసి, మూసి, 4 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి. పుదీనా రుచివి ఒక కవర్, మామూలువి ఇంకో కవర్. ఫ్రిజ్ తలుపు అరల్లో వద్దు, తలుపు తీసినప్పుడల్లా అక్కడ వేడి మారుతుంది. వాడుతున్న డబ్బా ఒక్కటే బయట ఉండాలి. దాన్ని కూడా రాత్రిపూట లోపల పెట్టండి.

నెలకి మించి దాచాలంటే ఫ్రీజర్. కొన్న కొత్తలోనే పెట్టాలి. పాతబడ్డాక పెడితే పాతదనమే గడ్డకడుతుంది. రెండు కవర్లలో చుట్టండి. బయటికి తీసినప్పుడు మూత తీయకుండా, ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చండి. తొందరపడి బల్ల మీద పెట్టి వెంటనే తెరిస్తే గాలిలోని తేమ సంచుల మీద నీటిబొట్లుగా చేరి, ఒకటి నానిపోతుంది, ఒకటి పొడిగా ఉంటుంది. ఓవెన్‌లో, రేడియేటర్ మీద పెట్టి కరిగించొద్దు. ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టించొద్దు.

చలికాలం ఇంకో ఇబ్బంది ఉంది. ఇల్లంతా హీటింగ్ నడుస్తుంది, గాలి బాగా ఎండుతుంది. బయటి నుంచి రాగానే జాకెట్‌ని రేడియేటర్ పక్కన తగిలిస్తాం, డబ్బా జేబులోనే ఉంటుంది. నాలుగు రోజుల్లో పదును పోతుంది. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టే అలవాటు చేసుకోండి. వేసవిలో కారు అద్దం కింద పెట్టినా ఇదే నష్టం.

6. ఎండిన డబ్బాలో నీళ్లు చల్లొద్దు

మనవాళ్లలో సగం మంది చేసే పని ఇది. రెండు చెంచాల నీళ్లు చల్లి మూత పెడితే మళ్లీ తాజాగా అవుతుందనుకుంటారు. కాదు. తాజా స్నూస్‌లో ఉప్పు, సోడా, నీళ్లు ఒక లెక్కలో ఉంటాయి. సోడా వల్ల అది క్షారంగా ఉంటుంది, నికోటిన్ చిగురు నుంచి లోపలికి ఇంకడానికి ఆ క్షారగుణమే కారణం. నిల్వలో రోజులు గడిచేకొద్దీ ఆ గుణం తగ్గుతుంది. డబ్బా మీద రాసిన మిల్లీగ్రాములు అలాగే ఉన్నా పట్టు తగ్గినట్టు అనిపించేది ఇందుకే. నీళ్లు చల్లితే ఆ గుణం తిరిగి రాదు, పైగా బూజుకి దారి ఇచ్చినట్టే.

డబ్బా కాస్త మాత్రమే ఎండితే ఒక పని చేయొచ్చు. పెట్టే ముందు ఆ ఒక్క సంచిని తాగే నీళ్ల చుక్కతో తడిపి, అర నిమిషం ఆగి పెట్టుకోండి. గరుకు తగ్గుతుంది. మిగతా డబ్బా జోలికి వెళ్లొద్దు.

7. పెట్టే తీరు

చేతులు కడుక్కోండి. సంచిని పైపెదవి కింద, మధ్యలో ఉండే సన్నటి నరంలాంటి మడతకి ఒక పక్కగా, చిగురుకి ఆనించి పెట్టండి. ఖైనీ అలవాటు ఉన్నవాళ్లు కింది పెదవిలో పెట్టేస్తారు. అక్కడ ఉమ్మి ఎక్కువ ఊరుతుంది, రసం గొంతులోకి దిగుతుంది, వికారం మొదలవుతుంది. ఆ తర్వాత "స్నూస్ నాకు పడదు" అంటారు. స్నూస్‌కి ఉమ్మే పని లేదు, పైపెదవి కింద పెట్టినప్పుడే ఆ మాట నిజం.

నమలొద్దు, నాలుకతో అటూ ఇటూ తిప్పొద్దు. కదిపేకొద్దీ రసం కారుతుంది, అతుకు చిగురుని గీస్తుంది. అరగంట చాలు. గంట దాటి ఉంచితే కొత్తగా దిగేది పెద్దగా ఉండదు, చిగురు నానడం మాత్రం సాగుతూనే ఉంటుంది. పెట్టుకుని నిద్రపోవద్దు.

కుడిపక్క ఒకసారి పెడితే తర్వాత ఎడమపక్క. ఒకే చోట రోజూ పెడితే ఆ చోట చర్మం ముడతలు పడి తెల్లబడుతుంది, చిగురు పైకి జరిగి పన్ను మొదలు బయటపడుతుంది. తెల్లబడిన చర్మం మానేస్తే చాలామందికి మామూలవుతుంది. జరిగిపోయిన చిగురు మాత్రం తిరిగి రాదు.

కాఫీయో నారింజ రసమో తాగిన వెంటనే పెట్టొద్దు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ సరిగా ఇంకదు. పట్టు రాలేదని రెండో సంచి కూడా పెట్టేస్తారు. నీళ్లతో పుక్కిలించి పది నిమిషాలు ఆగితే సరి.

తల తిరిగినా, చెమట పట్టినా, ఎక్కిళ్లు వచ్చినా, కడుపులో తిప్పినా వెంటనే తీసేసి, నోరు కడిగి, కూర్చోండి. అది నికోటిన్ ఎక్కువైన గుర్తు. తట్టుకుంటే అలవాటవుతుందని ఉంచుకోవద్దు.

8. మంట తగ్గాలంటే సైజు, బలం తగ్గించండి

కొత్త సంచి పెట్టగానే రెండు మూడు నిమిషాలు చురుక్కుమనడం మామూలే, ఉప్పు, సోడా తగులుతాయి. ఐదు నిమిషాలు దాటినా మంట ఆగకపోతే తీసేయండి. ఆ పక్కకి రెండు మూడు రోజులు సెలవు ఇవ్వండి. పొక్కులోకి, కోసుకున్న చోటికి పెట్టొద్దు.

బలం లెక్క చూసేటప్పుడు ఒక మోసం లాంటిది ఉంది. కొన్ని డబ్బాల మీద గ్రాముకి ఎన్ని మిల్లీగ్రాములో రాస్తారు, కొన్నిటి మీద సంచికి ఎన్నో రాస్తారు. గ్రాముకి 8 ఉన్న పెద్ద సంచి, 1 గ్రాము బరువుంటే, 8 మిల్లీగ్రాములు. అదే 8 ఉన్న మినీ, అర గ్రాముదైతే, 4 మాత్రమే. డబ్బా మీద అంకె ఒకటే, నోట్లోకి వచ్చేది సగం. ఇబ్బంది పడేవాళ్లకి నేను చెప్పేది, ముందు అదే బలంలో మినీకి దిగండి. తాజా మినీ చాలామందికి పాతబడిన పెద్ద సంచి కంటే హాయిగా ఉంటుంది. రోజుకి మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు అవుతున్నాయో కూడా రాసుకోండి. మినీకి మారి సంచుల సంఖ్య రెట్టింపు చేస్తే మారిన లాభం లేదు.

ఇంకొన్ని తప్పులు

వాడేసిన సంచులు పెట్టడానికి డబ్బా మూతలో చిన్న అర ఉంటుంది. దాన్ని రోజూ ఖాళీ చేయండి. నాలుగు రోజుల తడి సంచులు అక్కడే ఉంటే ఆ వాసన కొత్తవాటికి పడుతుంది. వాడిన సంచిని తీసి కాసేపటికి మళ్లీ పెట్టుకోవడం, కొత్తవాటితో కలిపి ఉంచడం అసలు వద్దు. సంచులు చెత్తబుట్టలోకే వెళ్లాలి. ట్రామ్ స్టాప్‌లోనో, టాయిలెట్‌లోనో పడేయొద్దు.

యూరోపియన్ యూనియన్‌లో 1992 నుంచి పొగాకు స్నూస్ అమ్మకం నిషేధం. 1995లో చేరినప్పుడు స్వీడన్‌కి ఒక్కదానికే మినహాయింపు ఇచ్చారు. అందుకే జర్మనీ లాంటి దేశాలకి వారం రోజులు వెళ్లేవాళ్లు బ్యాగ్ నిండా కొనేస్తారు. హోటల్ గదిలో అవన్నీ ఎండుతాయి. రోజుకి ఎన్ని వాడతారో లెక్కపెట్టి అన్నే తీసుకెళ్లండి. జిప్ కవర్ మర్చిపోవద్దు.

నెలకోసారి చేసే పరీక్ష

నెల మొదటి రోజున అద్దం ముందు పైపెదవి ఎత్తి రెండు పక్కలా చూడండి. ఫోన్‌తో ఫోటో తీసి కిందటి నెలదానితో పోల్చండి. తెల్ల ముడత పెరుగుతుంటే వాడే సంచుల సంఖ్య తగ్గించాల్సిన సమయం వచ్చినట్టే. ఎర్ర మచ్చ, గడ్డ, రక్తం, రెండు వారాలకి మానని పుండు, వీటిలో ఏది ఉన్నా డెంటిస్ట్‌కి చూపించండి. స్నూస్ వాడతానని దాచకుండా చెప్పండి. ఇక్కడి డెంటిస్టులకి అది కొత్త కాదు, మొహమాటపడే పని లేదు. మానేయాలనుకుంటే స్వీడన్‌లో స్లుతా లిన్యెన్ అనే ఉచిత ఫోన్ సేవ ఉంది, స్నూస్ మానడానికీ సాయం చేస్తుంది. ఇండియాలో ఉన్నవాళ్లకి 1800-11-2356 క్విట్‌లైన్ ఉంది.

పిల్లలున్న ఇంట్లో డబ్బా ఎక్కడ ఉందన్నది తాజాదనం కంటే పెద్ద సంగతి. ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టొద్దు, మూత వాళ్లు సులువుగా తీసేస్తారు. వాడేసిన సంచిలో కూడా నికోటిన్ మిగిలే ఉంటుంది, కాబట్టి చెత్తబుట్టకి కూడా మూత ఉండాలి. పాప గానీ బాబు గానీ నోట్లో పెట్టుకుంటే ముందు వేలితో తీసేసి, నోరు తుడిచి, స్వీడన్‌లో అయితే 112కి ఫోన్ చేసి "యిఫ్ట్‌ఇన్ఫర్మషూన్" (Giftinformation) కావాలని అడగండి. స్వీడిష్‌లో gift అని రాసి యిఫ్ట్ అని పలుకుతారు, అంటే విషం. ఎన్ని సంచులు, ఎంత బలం అని అడుగుతారు, అందుకని ఫోన్ చేసేటప్పుడు డబ్బా చేతిలో పట్టుకోండి.